ఉద్యాపన లేని నియమం

బరువు తగ్గడం ఒక పని. తగ్గిన బరువును ఏళ్ల తరబడి నిలుపుకోవడం మరో పని. మొదటిదానికి ప్రారంభం, గడువు, ఫలం మూడూ ఉంటాయి. రెండోదానికి గడువు లేదు, ఫలం కంటికి కనపడదు, ఏ రోజున మొదలైందో చెప్పడం కూడా కష్టమే. పథ్యం పుస్తకాలు, వ్యాయామశాలలు, వైద్యుల సలహాలు చాలావరకు మొదటి పని దగ్గరే ఆగిపోతాయి. రెండో పనిని వైద్యశాస్త్రం ఒక్కటే తేల్చలేదు. గడువూ ఫలమూ కనపడని పనిని మనిషి ఎందుకు చేయాలి, ఎలా చేయగలడు, చేయలేకపోతే తప్పెవరిది? ఇవి మీమాంస, యోగం, ధర్మశాస్త్రం శతాబ్దాలుగా తర్కించుకున్న ప్రశ్నలు. అప్పుడు వాళ్ల ముందున్నది యజ్ఞం, ఇప్పుడు మన ముందున్నది కంచం.

ముందు శరీరం సంగతి. బరువు తగ్గినప్పుడు కొవ్వు కణాల నుంచి వెలువడే లెప్టిన్ పడిపోతుంది, జీర్ణాశయంలో పుట్టే గ్రెలిన్ పెరుగుతుంది. మొదటిది ఆకలిని అణచేది, రెండోది లేపేది. 2011లో ఆస్ట్రేలియా పరిశోధకులు పది వారాల కఠిన పథ్యంతో బరువు తగ్గినవారిని ఏడాది తర్వాత మళ్లీ పరీక్షించారు. ఈ హార్మోన్లు అప్పటికీ పాత స్థాయికి చేరలేదు, ఆకలి మునుపటికంటే ఎక్కువగానే ఉంది. అమెరికాలో ఒక టెలివిజన్ పోటీలో విపరీతంగా తగ్గిన 14 మందిని ఆరేళ్ల తర్వాత పరిశీలించిన అధ్యయనం 2016లో వెలువడింది. సగటున తగ్గిన 58 కిలోల్లో 41 కిలోలు తిరిగి వచ్చేశాయి. అయినా విశ్రాంతిలో వారి శరీరం ఖర్చు చేసే శక్తి, ఆ బరువున్న మనిషికి ఉండవలసినదానికంటే రోజుకు దాదాపు 500 కేలరీలు తక్కువగా ఉంది. పోయిన బరువును శరీరం పోగొట్టుకున్న ఆస్తిలా చూస్తుంది, రాబట్టుకునేదాకా ఊరుకోదు.

నిలుపుకున్నవారు లేకపోలేదు. రీనా వింగ్, జేమ్స్ హిల్ 1994లో అమెరికాలో ప్రారంభించిన జాతీయ రిజిస్ట్రీ, కనీసం 13.6 కిలోలు తగ్గి ఏడాదికి పైగా నిలుపుకున్నవారిని నమోదు చేసుకుంటుంది. తగ్గిన దారులు వారిలో తలా ఒకటి. నిలుపుకున్న దారులు మాత్రం ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి. రోజూ దాదాపు గంటసేపు నడక లేదా అంతటి శ్రమ, కనీసం వారానికొకసారి తూకం, పొద్దుటి తిండి మానకపోవడం, పనిరోజుకూ సెలవురోజుకూ తిండిలో పెద్ద తేడా లేకపోవడం. ఇష్టపడి పేరు నమోదు చేసుకున్నవారి లెక్క ఇది కాబట్టి లోకమంతటికీ వర్తింపజేయలేం. అయినా ఆ జాబితాలో ఘనకార్యం ఒక్కటీ లేదన్నది గమనించాలి. అన్నీ చప్పగా, రోజూ ఒకేలా ఉండే పనులు.

బరువు నిలుపుకునే ఈ ప్రశ్న రోజువారీ బతుకులో ఎలా కలిసిపోయి ఉంటుందో చూడడానికి పశ్చిమ బెంగాల్‌లోని హిజ్లీ, దాన్ని ఆనుకున్న ఖరగ్‌పూర్ రైల్వే పట్టణం తగిన చోటు. హిజ్లీ అనగానే చదువుకున్నవారికి ఐఐటీ గుర్తొస్తుంది. 1930లో స్వాతంత్ర్య యోధులను నిర్బంధించడానికి తెరిచిన శిబిరం భవనంలోనే 1951లో దేశపు మొదటి ఐఐటీ మొదలైంది. తెలుగువారికి మాత్రం అది ముందుగా రైలు ఊరు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఖరగ్‌పూర్‌ను పెద్ద జంక్షన్‌గా, వర్క్‌షాపు కేంద్రంగా పెంచిన కాలం నుంచి ఉత్తరాంధ్ర పల్లెల మనుషులు ఖలాసీలుగా, ఫిట్టర్లుగా, ఫైర్‌మన్లుగా వెళ్లి అక్కడే స్థిరపడ్డారు. తరాలు మారినా ఇళ్లలో తెలుగు పోలేదు. 2020 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఖరగ్‌పూర్ ప్రాంతంలో తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించిందంటే అందుకు కారణం ఈ రైలు కుటుంబాలే.

తాతల కాలంలో ఆ ఊరి పని ఒంటిని అరగదీసే పని. ఆవిరి ఇంజన్ మీద ఫైర్‌మన్ పారతో బొగ్గు ఎత్తి మండే పెట్టెలోకి విసురుతూ ఉండాలి. వర్క్‌షాపులో ఇనుము మోయాలి, సమ్మెట కొట్టాలి. అలాంటి ఒంటికి కంచం నిండా అన్నం, పైన మారు అన్నం, చివర మజ్జిగన్నం న్యాయమైన కొలతే. 1990ల మధ్యకల్లా బ్రాడ్‌గేజ్ లైన్ల మీద ఆవిరి ఇంజన్ల కాలం ముగిసింది. మనవడు కూర్చుని విద్యుత్ ఇంజన్ నడుపుతాడు, లేదా ఆఫీసులో కంప్యూటర్ ముందు ఎనిమిది గంటలు గడుపుతాడు. కంచం మాత్రం తాత కంచమే. దానికి మేదినీపూర్ వైపు సాయంత్రపు మరమరాలు, ఆలూ చాప్, పండగ పూట మిఠాయి వచ్చి కలిశాయి. ఇంజన్ నడిపేవారికి డ్యూటీ వేళ ఒక తీరున ఉండదు. ఒకనాడు అర్ధరాత్రి దాటాక బయల్దేరాలి, మరునాడు మిట్టమధ్యాహ్నం. భోజనం ఒకసారి ఇంటి క్యారేజీ, ఒకసారి రన్నింగ్ రూం. నిర్ణీత వ్యవధుల్లో రైల్వే వైద్య పరీక్షకు హాజరు కావాలి. పరీక్ష దగ్గరపడుతుంటే అన్నం తగ్గించి చపాతీలకు దిగడం, గండం గడిచాక పాత కంచానికి రావడం ఏ ఉద్యోగంలోనైనా మామూలే. పరీక్షకు తేదీ ఉంది. ఆ తేదీ దాటాక పథ్యానికి పని లేకుండా పోతుంది.

ఆహార నియమం తెలుగు ఇళ్లకు కొత్త కాదు. శనివారం ఒంటిపూట, ఏకాదశి ఉపవాసం, కార్తీక సోమవారం చుక్కలు చూసేదాకా పస్తు, అయ్యప్ప మాల వేసుకుంటే 41 రోజుల దీక్ష. ముస్లిం ఇళ్లలో రంజాన్ నెల, క్రైస్తవ ఇళ్లలో ఈస్టర్ ముందటి శ్రమదినాలు. మాల వేసుకున్నవాడు మాంసం, మద్యం మానేస్తాడు, తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం చేస్తాడు, ఒక్కపూట భిక్షతో సరిపెట్టుకుంటాడు. మండలం ముగిసేసరికి కొందరి చొక్కాలు వదులవుతాయి. మాల విరమణ అయిన నెలకు అవే చొక్కాలు మళ్లీ బిగుతవుతాయి. దీన్ని చూసి భక్తిని ఎగతాళి చేసేవాళ్లున్నారు. అది తొందరపాటు. వ్రతానికి సంకల్పం ఎలాగో ఉద్యాపన కూడా అలాగే అంగం. ముగిసేలా కట్టిన నియమం ముగిసింది, అంతే. ముగియకూడని పనిని ముగిసే నియమంతో సాధించాలనుకోవడంలోనే పొరపాటుంది.

ఈ సంగతిని భగవద్గీత రెండో అధ్యాయంలోని 59వ శ్లోకం సూటిగా పట్టుకుంది. ఆహారం విడిచినవాడి నుంచి విషయాలు తొలగిపోతాయి గాని వాటి మీది రుచి తొలగదని దాని భావం. ఆ రుచి అంటే ఇక్కడ రాగమేనని శంకరాచార్యుల వ్యాఖ్య. ఇరవయ్యో శతాబ్దంలో ఇదే సంగతి మరో దారిన తేలింది. 1944-45లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ 36 మంది యువకులను ఆరు నెలలపాటు సగం తిండి మీద ఉంచారు. వారు యుద్ధంలో పాల్గొనడానికి మనస్సాక్షి ఒప్పక, ఈ పరీక్షకు స్వచ్ఛందంగా వచ్చినవారు. దాదాపు నాలుగో వంతు బరువు తగ్గారు. తిండి దూరమైంది, తలపు మాత్రం తిండి చుట్టే తిరిగింది. కొందరు వంటల పుస్తకాలు పోగుచేసుకున్నారు. ఆంక్షలు తీసేశాక వేల కేలరీలు తిన్నా కొందరికి తృప్తి కలగలేదు. యుద్ధాన్ని కాదనగల మనోబలం ఉన్నవారి గతే అది. బలహీన మనస్కులే మళ్లీ లావవుతారన్న మాటకు ఇంతకంటే గట్టి జవాబు ఉండదు.

పరమాన్ని చూసినవాడికి ఆ రుచి కూడా నివర్తిస్తుందని గీత చెబుతుంది. గృహస్థుకు ఆ మాట అందనంత దూరంలో ఉన్నట్టు కనిపిస్తుంది. ఆరో అధ్యాయం మరికొంత దగ్గరికి వస్తుంది. అతిగా తినేవాడికీ, బొత్తిగా తిననివాడికీ, అతిగా నిద్రించేవాడికీ, నిద్రే లేనివాడికీ యోగం కుదరదని, తిండిలోనూ తిరుగుడులోనూ పనిలోనూ నిద్రలోనూ తగుమాత్రం పాటించేవాడికే అది దుఃఖాన్ని పోగొడుతుందని అక్కడి బోధ. తిండి ఒక్కటే విడిగా నిలబడదు, నిద్రతోనూ పనితోనూ ముడిపడి ఉంటుంది. నిద్ర చాలని మనిషికి ఆకలి పెరుగుతుందని ఇప్పటి శాస్త్రం కూడా అంటోంది. రాత్రి డ్యూటీ చేసే రైలు మనిషికి ఇది గ్రంథంలో చదివి తెలుసుకోవలసిన విషయమేమీ కాదు.

అసలు పరిష్కారానికి దారి చూపేది పూర్వమీమాంస. వైదిక కర్మలను ఆ శాస్త్రం మూడుగా విభజించింది. కామ్యం ఫలం కోరి చేసేది. వాన కోసం కారీరీష్టి, బిడ్డల కోసం పుత్రకామేష్టి ఆ కోవలోవి. ఫలం కోరనివాడు వాటిని చేయనక్కరలేదు, ఫలం అందాక మళ్లీ చేయనక్కరలేదు. నిత్యం జీవితాంతం చేయవలసినది. అగ్నిహోత్రం, సంధ్యావందనం అలాంటివి. చేస్తే కొత్తగా వచ్చిపడేదేమీ కనపడదు, మానితే ప్రత్యవాయం, అంటే దోషం కలుగుతుంది. నైమిత్తికం సందర్భం వచ్చినప్పుడు చేసేది, గ్రహణ స్నానంలాగా.

ఈ విభజనను బరువు సంగతికి అన్వయిస్తే చిక్కుముడి చాలావరకు విడిపోతుంది. తగ్గడం కామ్యం. పెళ్లిలో సన్నగా కనపడాలనో, వైద్య పరీక్ష గట్టెక్కాలనో, షుగర్ అదుపులోకి రావాలనో కోరిక ఉంటుంది. ప్రతి వారం తూకంలో అంకె దిగుతుంటే ఫలం కళ్లెదుటే కనిపిస్తుంది, చూసినవాళ్లు మెచ్చుకుంటారు. నిలుపుకోవడం నిత్యం. అంకె దిగదు. ఎవరూ మెచ్చుకోరు. పదో ఏట కూడా అదే బరువున్న మనిషిని ఆపి ఎలా సాధించావని అడిగేవారుండరు. నిత్యకర్మకు ఫలం ఉందా లేదా అన్నదానిపై మీమాంసకుల్లోనే వాదం నడిచింది. విధి ఉంది కాబట్టి చేయాలి, ఫలం వెతకవద్దని ప్రభాకరుని వర్గం. ఫలం లేని పనికి మనిషి పూనుకోడు కాబట్టి దురితం నశించడమే, రాబోయే దోషం రాకపోవడమే దాని ఫలమని కుమారిల భట్టు వర్గం. బరువు విషయంలో భాట్టుల మాటే సరిపోతుంది. రాని మోకాలి నొప్పి, పెరగని బీపీ, ఎక్కని మందుల చీటీ ఇక్కడి ఫలాలు. రానిదాన్ని అనుభవించడం మనసుకు చేతకాదు. తగ్గినవారు నియమం వదిలేయడానికి సోమరితనంకంటే ఇదే పెద్ద కారణం కావచ్చు.

మీమాంసలోని మరో న్యాయం ఇంతకంటే ముఖ్యం, ఇది పథ్యం పుస్తకాలకు ఎక్కనిది. జైమిని సూత్రాల ఆరో అధ్యాయం మూడో పాదంలో ఒక ప్రశ్న వస్తుంది. అంగాలన్నీ సమకూర్చలేనివాడు కర్మ చేయవచ్చా? కామ్యానికి జవాబు, కూడదు. ఫలం కావాలంటే అన్ని అంగాలూ ఉండి తీరాలి. నిత్యానికి జవాబు వేరు. బతికినంతకాలం చేయవలసినదాన్ని ప్రతిసారీ సర్వాంగాలతో చేయడం మనిషికి సాధ్యం కాదు గనుక, ప్రధానాన్ని విడవకుండా శక్తికొద్దీ చేస్తే చాలు. యథాశక్తి అన్న మాట తెలుగు ఇళ్లలో పూజ చివర వినిపించడం వెనక ఈ తర్కమే ఉంది. వేళ దాటిన సంధ్యకు సైతం ఒక అర్ఘ్యం అదనంగా ఇచ్చి మామూలుగా కొనసాగమంటారు. నిన్నటి సంధ్య తప్పింది కాబట్టి ఇక జన్మంతా మానేస్తానని ఎవరూ అనరు.

తగ్గినవారిలో చాలామంది చేసేది సరిగ్గా దీనికి విరుద్ధం. కామ్యానికి వేసుకున్న కట్టుబాటునే నిత్యంలోకి మోసుకొస్తారు. గ్రాముల లెక్క, నిషేధాల జాబితా, ఒక్క లడ్డూ తింటే రోజంతా పాడైందన్న భావం. ఒక అంగం తప్పగానే కర్మంతా చెడిందనుకుని వదిలేస్తారు. శాస్త్రం అడిగేది ప్రధానం ఏదో గుర్తుపట్టమని. రైలు మనిషి విషయంలో గడియారాన్ని పట్టుకుని ఉండే నియమం ప్రధానం కాలేదు, డ్యూటీ దాన్ని మూడు రోజుల్లో తుడిచేస్తుంది. వేళ ఏదైనా పాటించగలిగేదే నిలుస్తుంది. మారు అన్నం లేకపోవడం, కంచంలో కూర సగం ఉండడం, వారానికొక తూకం, దిగిన చోట నడక. ఖరగ్‌పూర్ స్టేషన్‌లో 1072.5 మీటర్ల పొడవైన ప్లాట్‌ఫారం ఉంది, ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైనదని పేరు. ఆ చివరి నుంచి ఈ చివరికి రెండుసార్లు పోయి వస్తే నాలుగు కిలోమీటర్లు దాటుతుంది.

నైమిత్తికాల బెడద ఆ ఊళ్లో ఇతర చోట్లకంటే ఎక్కువ. ఆంధ్రలోని పల్లెకు సంక్రాంతి, ఉగాది, దసరా, దీపావళి చాలు. ఖరగ్‌పూర్ తెలుగు ఇంటికి అవన్నీ ఉండగా వేసవి ముంగిట తెలుగువారు ఘటాలు నెత్తిన మోసే మాతా పూజ ఉంది, ఇరుగుపొరుగు బెంగాలీల దుర్గా పూజ, కాళీ పూజ ఉన్నాయి, ఒడియావారి రథయాత్ర, బిహారీల ఛట్, ఈద్ ఉన్నాయి. ప్రతి ఇంటి నుంచీ గిన్నెలు వస్తాయి. కాదంటే మొహమాటం, తిప్పి పంపితే అమర్యాద. ఇక్కడ కూడా మీమాంస పనికొస్తుంది. నైమిత్తికం వచ్చిందని నిత్యం రద్దు కాదు, గ్రహణ స్నానం చేసినవాడు ఆ సాయంత్రం సంధ్య మానడు. అలాగే నిత్యం ఉందని నైమిత్తికాన్ని ఎగ్గొట్టనూ కూడదు. పండగ పూట పులిహోర తినడం దోషం కాదు. పండగ మర్నాడు కూడా పులిహోరే ఉంటే అది పండగ కాదు, అలవాటు.

ఆయుర్వేదం ఈ నిలకడను మరో కోణం నుంచి చూసింది. చరక సంహిత సూత్రస్థానం ఏడో అధ్యాయంలో చెడు అలవాటును పాదం పాదం చొప్పున విడవాలని, మంచిని అలాగే అలవరచుకోవాలని ఉంది. క్రమంగా తగ్గించుకున్న దోషాలు తిరిగి రావు, క్రమంగా పెంచుకున్న గుణాలు కదలవని చరకుని అభిప్రాయం. ఇది అక్షరాలా నిజమా? 2014లో వెలువడిన మెల్‌బోర్న్ అధ్యయనం 12 వారాల్లో వేగంగా తగ్గినవారినీ, 36 వారాల్లో నెమ్మదిగా తగ్గినవారినీ పోల్చింది. దాదాపు మూడేళ్లకు రెండు వర్గాలూ తగ్గినదానిలో 71 శాతం చొప్పున తిరిగి పెరిగాయి. కాబట్టి కిలోలు తగ్గే వేగానికి చరకుని మాట వర్తించదు. ఆయన మాట్లాడింది అలవాట్ల గురించి. మెల్‌బోర్న్‌లో నెమ్మదిగా తగ్గినదీ పథ్యం కిందే, ఆ పథ్యానికీ ఒక చివరి రోజు ఉంది. ఇరవై ఒకటో అధ్యాయంలో స్థూలునికి చరకుడు చెప్పే ఆహారం గమనించదగినది. బరువుగా కడుపు నింపాలి, కాని పోషణ తక్కువ ఇవ్వాలి. పీచు ఎక్కువున్న కూరలు, చిరుధాన్యాల గురించి ఇప్పటి వైద్యుడు చెప్పేదీ దాదాపు అదే. స్థూలుని చికిత్స కృశించినవాని చికిత్సకంటే కష్టమని కూడా అక్కడే ఒప్పుకున్నాడు.

బరువు తగ్గి నిలుపుకున్న మనిషి కథ ప్రాచీన సాహిత్యంలో ఒకటి వివరంగా దొరుకుతుంది. పాళీ సంయుత్త నికాయంలో కోసల రాజు ప్రసేనజిత్తు ద్రోణం కొలతతో వండిన అన్నం తినేవాడు. ఒకనాడు అలా తిని ఆయాసపడుతూ బుద్ధుని దగ్గరికి వచ్చాడు. ఎరుకతో, తిండిలో మాత్ర తెలిసి తినేవాడికి బాధలు పలచబడతాయి, ముసలితనం నిదానంగా వస్తుందనే భావంతో బుద్ధుడు ఒక గాథ చెప్పాడు. రాజు తన వెనక నిలుచున్న సుదర్శనుడనే కుర్రవాణ్ని పిలిచి, ఆ గాథ నేర్చుకుని తన భోజనం వేళ వినిపించమన్నాడు. అందుకు దినానికి నూరు కార్షాపణాల వేతనం. వ్యాఖ్యానం ఇంకా సూక్ష్మంలోకి వెళుతుంది. చివరి ముద్ద నోటికి ఎత్తబోయే వేళకు గాథ వినపడాలి, రాజు ఆ ముద్ద వదిలేయాలి, మర్నాడు వండేటప్పుడు ఆ ముద్దలోని మెతుకుల మేర బియ్యం తగ్గించాలి. అలా తగ్గుతూ తగ్గుతూ రాజు నాళిక కొలత దగ్గర స్థిరపడ్డాడు. కొన్నాళ్లకు సన్నబడిన ఒంటిని చేత్తో నిమురుకుంటూ ఇహానికీ పరానికీ మేలు చేశాడని బుద్ధుణ్ని తలచుకున్నాడట.

ఈ కథలో బుద్ధుడు ఉపవాసం విధించలేదు, ఏ పదార్థాన్నీ నిషేధించలేదు. రాజు తన మనోబలాన్ని నమ్ముకోలేదు. రోజూ సరైన క్షణాన వినపడే గొంతుకు జీతమిచ్చి పెట్టుకున్నాడు. వేతనం దినానికింత అన్నారు గాని ఇన్ని రోజులకని లేదు. రాజుకు కుర్రవాడు దొరికాడు, మామూలు ఇంట్లో ఆ పని వడ్డించేవారిది. అయితే తెలుగు ఇంట్లో వడ్డించే చెయ్యి సాధారణంగా ఇంకొంచెం అంటుంది, చాలనదు. కొసరి వడ్డించడమే ప్రేమ అనుకునే ఇంట్లో ఒక్కడే నియమం పెట్టుకుంటే ప్రతి పూటా చిన్న తగవు. నియమం ఇంటిదైతే తప్ప మనిషిది కాలేదు.

ఆధునిక కాలంలో జీవితాంతం నిలిచిన ఆహార నియమానికి గాంధీ ఉదాహరణ ఉంది. 1915లో హరిద్వార్ కుంభమేళాకు వెళ్లినప్పుడు, తన కోసం జనం చేసే ఆర్భాటం చూసి, రోజుకు ఐదు పదార్థాలకు మించి తిననని, చీకటి పడ్డాక తిననని వ్రతం పట్టాడు. ఆయన ఉపవాస దీక్షలకు వచ్చిన పేరు దీనికి రాలేదు. ఆ దీక్షలకు కారణం, ముగింపు, వార్త ఉండేవి. ఐదు పదార్థాల నియమానికి వార్త ఏముంటుంది? ఏ ఊరి ఆతిథ్యానికైనా సరిపోయే తేలికైన లెక్క కావడమే దాని బలం.

నియమం శ్రుతి మించే ప్రమాదాన్ని కూడా సంప్రదాయాలు పసిగట్టాయి. శరీరాన్ని కృశింపజేస్తూ చేసే ఘోరతపస్సును గీత పదిహేడో అధ్యాయం ఆసురమంది. ఎముకల గూడుగా మారాక బుద్ధుడు ఆ దారి వదిలాడు. ఛాందోగ్య ఉపనిషత్తులో శ్వేతకేతువు పదిహేను రోజులు అన్నం మానేసరికి నేర్చిన వేదమే గుర్తుకు రాలేదు. మళ్లీ తిన్నాక వచ్చింది. మనసు అన్నమయమని తండ్రి బోధించిన పద్ధతి అది. జైనులు కడుపు నిండకముందే లేవడాన్ని ఊనోదరి పేరుతో తపస్సుల్లో ఒకటిగా లెక్కించారు, అన్నాన్ని శత్రువుగా చూడమనలేదు. తూకం దగ్గర భయం, అన్నం చూస్తే అసహ్యం మొదలైతే అక్కడ నియమం ముగిసి జబ్బు మొదలైందని అర్థం, వైద్యుని అవసరం పడిందని అర్థం.

ఇక తప్పెవరిదన్న ప్రశ్న. రైల్వే స్టేషన్లలో ఒకప్పుడు రంగు బల్బులు వెలిగి ఆరే తూకం యంత్రాలుండేవి. నాణెం వేస్తే చిన్న అట్ట టిక్కెట్టు రాలేది. దాని మీద బరువుతోపాటు జాతకంలాంటి ఒక వాక్యం అచ్చయి ఉండేది. అది వ్యాపారి చమత్కారమే కావచ్చు, కాని బరువును గుణానికీ తలరాతకూ ముడిపెట్టే అలవాటు ఆ యంత్రంకంటే పాతది. లావెక్కితే తిండిపోతు అంటారు, మళ్లీ పెరిగితే నిగ్రహం లేనివాడంటారు. చరక సంహిత విమానస్థానం మూడో అధ్యాయం దైవానికీ పురుషకారానికీ మధ్య తక్కెడ పట్టింది. వెనకటి కర్మ దైవం, ఇప్పటి ప్రయత్నం పురుషకారం. రెండింటిలో బలమైనది బలహీనమైనదాన్ని అణచేస్తుంది. లెప్టిన్, గ్రెలిన్, తల్లిదండ్రుల నుంచి వచ్చిన జన్యువులు, ఒకసారి లావైన శరీరపు జ్ఞాపకం దైవం వైపున ఉంటాయి. అందరికీ ఆ పళ్లెంలో ఒకే బరువు ఉండదు. ఒకే ఇంట్లో ఒకే కంచాన్ని తిన్న అన్నదమ్ములు ఒకే బరువుండరు. పురుషకారం చాలని చోట పాపం అంటగట్టడం శాస్త్రం ఒప్పని పని.

మందుల ప్రశ్న కూడా ఇక్కడే తేలుతుంది. సెమాగ్లుటైడ్ వంటి ఇంజెక్షన్లు ఆకలినే తగ్గిస్తాయి. 2022లో వెలువడిన ఒక అధ్యయనంలో మందు ఆపిన ఏడాదికి, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చింది. మందును అడ్డదారి అని నిందించేవారు దీన్ని రుజువుగా చూపుతారు. నిజానికి ఇది చూపేది మందు కూడా నిత్యమేనని. బీపీ మాత్ర మానితే బీపీ పెరిగినట్టే ఇదీ. పురుషకారానికి ఔషధం తోడు రావడం తప్పయితే చరకుడు గ్రంథమే రాయనక్కరలేదు. వేళాపాళా లేని డ్యూటీ, రాత్రి దొరికే నూనె పదార్థాలు, నడవడానికి చోటు లేని వీధి కూడా ఆ తక్కెడలో ఉన్నాయి. వాటిని మార్చే బాధ్యత తిండి తినేవాడి మీద ఒక్కడి మీదే వేయడం అన్యాయం. పని గంటలు రాసే చేతికి అందులో వాటా ఉంది.

నిత్యకర్మకు మినహాయింపు సన్న్యాసంలోనే ఉంది. సన్న్యాసి అగ్నిహోత్రం విడుస్తాడు, యజ్ఞోపవీతం విడుస్తాడు. తిండి కొలత మాత్రం ఆశ్రమం మారినా పోదు, మారుతుంది. తెలుగు వైదిక కుటుంబాల్లో ఎక్కువమంది అనుసరించే ఆపస్తంబ ధర్మసూత్రం ఆ లెక్క ఇచ్చింది. చదువుకునే బ్రహ్మచారికి మితి లేదు. దుక్కిటెద్దు, అగ్నిహోత్రి, బ్రహ్మచారి తిని పనిచేయవలసినవారని కూడా అదే గ్రంథం చెబుతుంది, బొగ్గు ఎత్తే ఫైర్‌మన్ ఆ కాలంలో ఉండి ఉంటే అతన్నీ ఆ వరుసలో చేర్చేదేమో. గృహస్థుకు ముప్పై రెండు ముద్దలు, వానప్రస్థుకు పదహారు, మునికి ఎనిమిది.